కొసరు లేని కొలత

“మీ చెయ్యి తియ్యండి ఆ సీసా మీంచి!”

“నా మనవరాలికి నేను పెట్టుకోకూడదేవిటే?”

“పెట్టుకోండి. చెంచాతో పెట్టుకోండి. ఆ పైన రెండు వేళ్లతో తీసిందేవిటి?”

“ఏం తీశానూ? ఏవీ తియ్యలేదే!”

“చిటికెడు తీశారండీ. అరటిపండులో వేసేశారు కూడా. నా కళ్లకింకా శుక్లాలు రాలేదు.”

“అబ్బే, వేలికి అంటుకున్నది దులిపానే!”

“దులపడానికి ఊళ్లో ఇంకెక్కడా చోటు లేనట్టు ఆ గిన్నెలోనే దులిపారు కాబోలు!”

గిన్నె ముందు కూర్చున్న పిల్ల మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. ఎవరు గెలిస్తే వాళ్ల చేతి ముద్ద తిందామని నోరు మాత్రం తెరిచే ఉంచింది.

పిల్లంటే మా మనవరాలు. ఒకటో తరగతి. దానికి వేరుశనగ పడదు. పసితనంలో ఒకసారి ఇడ్లీతో చట్నీ నాకితే పెదవులు బూరెల్లా పొంగి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందక మమ్మల్ని హడలగొట్టింది. అప్పటినుంచీ మా ఇంట్లో వేరుశనగ గింజ కనబడకూడదు. తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు నడుపుకునే ఇంట్లో ఈ నియమం ఎలా సాగిందో నాకే తెలుసు. మావారు కొట్టునుంచి రాగానే గుమ్మంలోనే చొక్కా విప్పించి, మోచేతులదాకా సబ్బుతో కడిగించేదాన్ని. చూసినవాళ్లు ఈయన రోజూ ఎవర్నో సాగనంపి వస్తున్నారనుకునేవారు.

ఇప్పుడు ఏలూరులో ఒక పిల్లల ఆసుపత్రిలో దీనికి కొత్త వైద్యం చేస్తున్నారు. పడని వస్తువునే మందుగా పెడతారు. మొదట కంటికి ఆననంత, తరవాత కాస్త, ఆ తరవాత మరికాస్త. పెంచినప్పుడల్లా మొదటి మోతాదు డాక్టరమ్మ కళ్లముందే. తరవాత రోజూ అంతే మోతాదు ఇంట్లో పెట్టాలి. జబ్బు పూర్తిగా పోతుందని ఆవిడ చెప్పలేదు. పొరపాటున ఎక్కడైనా కాస్త నోట్లో పడినా ప్రాణం మీదికి రాకుండా ఒళ్లు అలవాటు పడుతుందంది.

“అమ్మా, మా కొట్లో బస్తాలకొద్దీ ఉన్నాయి. ఇంత బుల్లి సీసా వేరుశనగ పొడికి డబ్బు పుచ్చుకోవడం న్యాయమేనాండీ?” అని అడిగాను.

“కొలత తప్పకూడదు కదా మామ్మగారూ, అందుకండీ.”

“కొలతేనా? మేం మూడు తరాలుగా అదే పని చేస్తున్నామమ్మా.”

ఆవిడ నవ్వి, సీసా నా చేతిలో పెట్టి, చెంచాడు పొడి తీసి పైన అట్టముక్కతో గీసి సమం చెయ్యడం చూపించింది.

చిక్కల్లా అక్కడే. మావారు జన్మలో ఏదీ సమంగా కొలవలేదు. కేజీ కందిపప్పు తూచాక, పైన గుప్పెడు వెయ్యందే పొట్లం కట్టరు. కొసరు వెయ్యని కొట్లో లక్ష్మి నిలవదని వాళ్ల నాన్నగారు నేర్పారట. ఆ గుప్పిళ్లన్నీ పోగేస్తే మాకో మేడ లేచేదని పెళ్లయిన నాటినుంచీ పోరుతున్నాను. కరెంటు కాటా వచ్చాక అయినా మారతారనుకున్నాను. అందులో అంకె చూసి, ఆ పైన కొసరు వేస్తున్నారు.

రోజూ మందు పెట్టేది మా కోడలు. ఆఫీసు ట్రైనింగని ఆవిడ జంగారెడ్డిగూడెం వెళ్లింది. పిల్ల మా చేతిలో పడింది. మర్నాడు ఏలూరులో చూపించాలి. ఈ మోతాదు ఏ గొడవా లేకుండా ఒంటికి పడితే, బళ్లో అందరితో కూర్చుని అన్నం తిననిస్తానని డాక్టరమ్మ మాటిచ్చింది. అప్పటిదాకా భోజనాల వేళ దానికి టీచరు బల్ల పక్కన ఒంటి కుర్చీ. “మామ్మా, నేనేం అల్లరి చెయ్యలేదుగా, నన్నెందుకక్కడ కూర్చోబెడతారు?” అని అడిగేది. ఇప్పుడీయన చిటికెడువల్ల దద్దుర్లు లేచాయంటే ఆ కుర్చీ దానికి ఖాయం.

“ఇది పారేసి మళ్లీ కలుపుతాను,” అన్నాను.

“పారేస్తావా? నువ్వే?”

అదీ నిజమే. బంగారంలాంటి చక్కెరకేళి. చెయ్యి రాలేదు. నేనే తినేశాను. బాగుంది కూడా.

“మామ్మ నా మందు తినేసింది!” అని పిల్ల రాగం తీసింది.

నోరు పుక్కిలించి, చేతులు కడుక్కుని, ఈసారి నేను కొలిచాను. ఈయన కళ్లజోడు పెట్టుకుని వంగారు.

“ఇదేవిటే, మధ్యలో చెరువు తవ్వావు? పసిదాని దగ్గరా పొదుపేనా?”

“ఒలికిపోతుందనండీ...”

“తాతయ్య ఎక్కువేస్తాడు, మామ్మ తక్కువేస్తుంది. అమ్మకి ఫోన్ చెయ్యండి,” అంది పిల్ల.

వీడియోలో కోడలు కనిపించింది. విషయమంతా విని తల పట్టుకుంది.

“అత్తయ్యగారూ, చెంచా ఫోన్‌కి దగ్గరగా పెట్టండి. మామయ్యగారూ, ఏమీ అనుకోకండి, మీరు చేతులు వెనక్కి పెట్టుకోండి.”

“పెట్టుకున్నానమ్మా.”

“రెండూనాండీ?”

“రెండోది ఇప్పుడు పెట్టుకుంటున్నాను తల్లీ.”

నేను చెంచా నిండా తీసి పట్టుకుంటే, నాలిక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, అట్టముక్కతో పిల్లే గీసింది. కోడలు సరేనంది. కలిపి పెడితే తినేసింది.

తిన్నాక రెండు గంటలు పరుగులూ గెంతులూ కూడదు. డాక్టరమ్మ ఇచ్చిన అత్యవసరపు సూదిమందు బల్లమీద పెట్టుకుని ఇద్దరం దాని మొహానికి కాపలా కాశాం. ఈయన టార్చి వేసి నోట్లోకి చూడటం, బుగ్గ నొక్కి చూడటం.

“తాతయ్యా, నేనేవైనా మావిడిపండునా?”

అంతలో దాని గడ్డం మీద ఎర్రగా మచ్చ కనబడింది. ఈయన సూది డబ్బా పట్టుకుని “ఏ తొడకే? ఏ తొడకే?” అంటూ తన పంచె పైకి లాక్కుంటున్నారు.

“దోమ కుట్టింది. ఇదిగో, దొంగ!” అని పిల్ల వాళ్ల తాతయ్య చెంప మీద ఫెళ్లున ఒకటిచ్చింది. దోమ చచ్చింది.

మేం నమ్మలేదు. మళ్లీ కోడలికి ఫోన్ చేసి మచ్చ చూపించాం. చూస్తుండగానే అది తగ్గింది. ఇంకెక్కడా ఏమీ లేవలేదు.

“నా చిటికెడు తిన్నావుగా, నీకేవైనా అయిందా?” అన్నారు ఈయన, ధైర్యం వచ్చాక.

“నాకు వేరుశనగ పడుతుందండీ. పడనిది మీ కొసరే!”

మర్నాడు పొద్దున్నే పాసింజరెక్కాం. రైలు దెందులూరు దాటేదాకా పిల్ల నిద్రపోయింది. డాక్టరమ్మ దాని ఒళ్లంతా చూసి, మేం చెప్పిందంతా వింది. ఇక అందరితో కూర్చోవచ్చనీ, తన డబ్బాలోది మాత్రమే తినాలనీ చెప్పింది. తిరిగొచ్చి స్టేషన్నుంచి నేరుగా బడికి తీసుకెళ్లాం. అప్పుడే భోజనాల గంట కొట్టారు. వరసలో ఒక పిల్ల కాస్త జరిగి చోటిచ్చింది. మాది అక్కడ కూర్చుని పెరుగన్నం డబ్బా మూత తీసింది.