మెడకి సరేసా, స్క్రూలా

రాస్తన్నావేటి? రాయి మరి. గిటారు మెడ కాడ ఆ పసుప్పచ్చ సెక్కముక్క ఎందుకుందని అడిగినావు కదా, అదే సెప్తన్నాను. మజ్జలో ‘ఫిర్ క్యా హువా’, తరవాతేటయిందీ అనీకు, తోవ తప్పిపోతాను.

అప్పుటికి మేం సిద్ధగోరాలో, ఉక్కు కార్ఖానా వోళ్ళిచ్చిన క్వార్టర్లో ఉండీవోలం. మీ తాతయ్య కార్ఖానాలో పేట్రను షాపు వడ్రంగి. పేట్రనంటే తెలుసునా? ఉక్కు సామాను పోత పొయ్యాలంటే ముందల అదే రూపు కర్రతో సేసి, ఇసకలో అచ్చు తియ్యాల. ఆ కర్రరూపులు సేసీవోడు. సెయ్యంటే ఆయనదే సెయ్యి. గర్వం కూడా అంతే ఉండీది.

ఆయన తమ్ముడు, మీ సిన్నతాత, మా కాడే ఉండీవోడు. పెళ్ళవనేదింకా. దసరా పందిట్లో మనోళ్ళు ఆర్కెస్ట్రా కట్టీవోరు, అందులో మామూలు గిటారు వాయించీవోడు. ఆ ఏడు ఆర్కెస్ట్రా పెద్ద తేల్చి సెప్పీసినాడంట, సప్తమి నాటికి కరెంటు గిటారు తెచ్చుకుంటే నువ్వు, నేకపోతే బిష్టుపూర్లో ఇంకొకడు తయారుగా ఉన్నాడని. కలకత్తాలో కొనడం మావల్ల అయ్యే పనేటి? మా మరిది అన్నం ముందల కూకొని మెతుకులు కెలుకుతన్నాడు. మీ తాతయ్య మజ్జిగ పోసుకుంటా, “కర్రే కదేటి, సేసీద్దాం” అన్నాడు.

జుగ్సలాయి పాతసామాను గోదాములో రైలుపెట్టి బల్లొకటి దొరికింది, టేకుది. అన్నదమ్ములిద్దరూ సైకిలు మీదేసుకొని తోసుకొచ్చినారు. ఎనకాల వరండా అంతా రంపంపొట్టే. నా పప్పులో కూడా పొట్టే. మెడ మీద ఏలు నొక్కీ మెట్లన్నీ మీ తాతయ్య తన స్కేలుతో కొలిచి కోసినాడు. కింద తీగలు కట్టీ ఇనప బ్రిడ్జి ఎక్కడుండాలో మా మరిది నా జాకెట్లు కుట్టీ టేపుతో కొలిచి, కర్ర తొలిచి దిగ్గొట్టీసినాడు. కరెంటు పనంతా రేడియో రిపేరోడు సేసిచ్చినాడు.

మెడని ఒళ్ళుకి కలిపీ కాడ వచ్చింది తగువు. మరిది ఏదో పత్రికలో బొమ్మ సూసినాడు, గిటారు ఎనకాల నాలుగు స్క్రూలు. అలాగే కావాలన్నాడు. మీ తాతయ్యకి ఒళ్ళు మండిపోనాది. “స్క్రూలు ఫిట్టరోడికి. వడ్రంగోడు సరేసు పెడతాడు.” సరేసంటే తోలూ ఎముకలూ ఉడకబెట్టి తీసిన జిగురు. డబ్బాలో కరగబెడితే ఆ కంపుకి పక్కింటి ఒడియా ఆవిడ తలుపులేసుకునీది. అది పట్టిందంటే రెండు కర్రలూ ఒకటే కర్ర, తీగ మోత మెడలోంచి ఒళ్ళంతా పాకుతాదని ఈయన వాదన. ఇక్కడి వానలకి సరేసు మెత్తబడతాది, ఎండలకి మెడ వంగుతాది, అప్పుడు ఇప్పుకోలేమని ఆడి వాదన. రెండ్రోజులు మాటల్నేవు. ఒకే గదిలో కూకొని, “మీ మరిదికి సెప్పు,” “అన్నయ్యకి సెప్పొదినా.” నాను పోస్టుమేన్ని.

నాను తిరగలి ఇసురుతన్నాను. పిడి ఊడి సేతికొచ్చీసింది. దాన్ని కన్నంలో కొట్టుకుంటా, “దీన్ని సరేసుతో అతికించీసుంటే, ఇరిగినప్పుడల్లా తిరగలి పారెయ్యాలేటి?” అన్నాను.

“నా పనిలో తప్పు రాదే,” అన్నాడు మీ తాతయ్య.

“నీ పనిలో రాదు. కర్ర పనిలో వత్తాది.”

మరిది నవ్వాపుకోనేక వరండాలోకి పోనాడు. ఈయన గంటసేపు గొణిగి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే, మెడ దూరీ గాడిని అంత బిగువుగా తొలిచినాడు. స్క్రూలెయ్యకుండానే మెడ పట్టుకొని గిటారంతా పైకెత్తి సూపించినాడు. అప్పుడేసినాడు నాలుగు స్క్రూలూ, ఏదో దయతలిసినట్టు.

పంచమినాడు తీగలు కట్టినారు. ఒట్టి తీగ మీటితే గంట కొట్టినట్టుంది. మెట్ల మీద పైకెళ్ళేకొద్దీ ఏదో పులుపు. నాకు సిన్నప్పుడు నేర్సుకున్న హార్మోనియం ఉండీది, తెచ్చి పక్కన పెట్టి నొక్కితే రెండూ కలవవు. “నీ ఏళ్ళలో ఉంది తప్పు” అన్నాడు అన్న. తమ్ముడి మొకం మాడిపోనాది. ఇంక రెండు రోజులే కదా.

తీగకి సరిగ్గా సగంలో పన్నెండో మెట్టుండాలని ఆళ్ళు అనుకోడం ఇన్నాను. టేపు తీసినాను. పై సగం పన్నెండూ ముప్పావు అంగుళాలు, కింద సగం పన్నెండూ పావు. నీ టేపు సాగిపోనాదన్నాడు మీ తాతయ్య. తన స్కేలెట్టి కొలిస్తే పై సగం సరిగ్గా పన్నెండున్నర. ఆ స్కేలూ నా టేపూ పక్కపక్కనెట్టి సూసినాడు. సూసి సూసి, ఆ రంపంపొట్టులోనే సతికిలబడి నవ్వడం మొదలెట్టినాడు. కళ్ళంట నీళ్ళొచ్చినాయి.

అది పేట్రను షాపు స్కేలు. కరిగిన ఉక్కు సల్లారితే కుంచించుకుపోతాది కదా, అందుకని ఆ స్కేలులో అడుగుకి పావంగుళం ఎక్కువే ఉంటాదంట. మెట్లు ఆ స్కేలుతో, బ్రిడ్జి నా టేపుతో, ఇంకెక్కడ కలుస్తాయి? ముప్పై మంది ఏడిపిస్తారని షాపులో ఎవులికీ సెప్పొద్దన్నాడు. “ఇరవయ్యేళ్ళ అలవాటే. గిటార్ని కూడా పోత పోద్దామనుకుంది నా సెయ్యి.”

“మరిప్పుడెలాగన్నయ్యా?” అన్నాడు మరిది. తగువొచ్చినాక ఆడు నేరుగా అన్నయ్యతో మాటాడింది అప్పుడే.

“ఎలాగేటి, స్క్రూలున్నాయి కదా” అన్నాడు ఈయన, సరేసు మాటే ఎన్నడూ ఎత్తనట్టు.

దిగ్గొట్టిన బ్రిడ్జి కదల్దు. అందుకని మెడ ఇప్పీసి, పాత కన్నాల్లో పుల్లలు కొట్టి, అరంగుళం ముందుకి జరిపి మళ్ళీ బిగించినారు. గాడిలో మెడ ఎనకాల అరంగుళం సందు మిగిలింది. దాన్ని పూడ్సడానికి ఎండిన కర్ర కావాల. ఇల్లంతా ఎతికి, నాను కూకొని కూరలు తరుక్కునీ పనస పీట మీద కన్నేసినాడు. వీణలు ఆ సెక్కతోనే సేత్తారన్నాడు. నాను సరేననకముందే మూల కోసీసినాడు. అదే నువ్వడిగిన పసుప్పచ్చ ముక్క. నా కుండలో అన్నం వార్సేసరికి గిటారూ హార్మోనియమూ ఒకే గొంతు.

సప్తమి సాయంత్రం పందిట్లో కుర్సీల్నేవు, ఎనక నిలబడ్డాం. ఆర్కెస్ట్రా పెద్ద గిటారు తిప్పి తిప్పి సూసి, ఎక్కడ కొన్నావని అడిగినాడంట. మరిది ఏలు మెట్టూ మెట్టూ పైకెళ్తంది. అందరి మజ్జలో మీ తాతయ్య నా సెయ్యెప్పుడు పట్టుకున్నాడో నాకే తెలీనేదు, పెళ్ళయిన అన్నేళ్ళలో అలా ఎప్పుడూ పట్టుకోనేదు. పన్నెండో మెట్టు కాడ తీగ నిలబడి మోగింది. పులుపు నేదు.

“నీ పీట పాడతందే,” అన్నాడు నా సెవిలో.

బాగానే పాడింది. ఆ పీట ఇప్పుటికీ వంటింట్లో ఉంది, కావాలంటే సూడు. మూల నేదు కదా, కూకుంటే ఓ పక్కకి జారిపోతాది. కొత్తది కొంటానని ఆయన ఎన్నోసార్లు అన్నాడు. నానే వద్దన్నాను.