దానిమ్మ రంగు పెట్టె

మా బావకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియదు. పుట్టుకతోనే అంతే. రెండూ ఆయన కళ్లకు ఒకే మట్టిరంగులో కనిపిస్తాయి. అలాంటి మనిషి కంప్యూటర్ కేబినెట్లకు రంగురంగుల లైట్లు బిగించి పేరు తెచ్చుకున్నాడంటే ఎవరూ నమ్మరు. అసలు ఎవరికైనా తెలియనిస్తే కదా! మా వీధిలో తెలిసింది ముగ్గురికే: ఆయనకు, మా అక్కకు, నాకు.

వయసులో ఉన్నప్పుడు లిఫ్టులు బిగించే కంపెనీలో ఉద్యోగం వచ్చినట్టే వచ్చింది. కళ్ల పరీక్షలో రంగు చుక్కల మధ్య ఉన్న అంకె చదవమన్నారు. బావకు చుక్కలే కనిపించాయి. చేతికందింది నోటికందలేదు. ఆ తరువాత కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో చేరి, పని నేర్చుకుని, చివరికి నా కుట్టుమిషన్ల గది పక్కనే సొంతంగా పెట్టుకున్నాడు. మామూలు రేకు కేబినెట్ తెస్తే దాని పక్కభాగం కోసి గాజుపలక బిగిస్తాడు. తీగలన్నీ వెనక్కి తిప్పి, జడ అల్లినట్టు అల్లి కట్టేస్తాడు. ముందు నుంచి చూస్తే అసలు తీగలే లేనట్టుంటుంది. లోపల ఎంత వేడి ఉందో చూపించే చిన్న డిస్‌ప్లే, ఫ్యాన్ల చుట్టూ లైట్లు, అన్నీ అడిగినవాళ్ల ఇష్టప్రకారం. వీధిలో అందరూ పెట్టెల మేస్త్రి అంటారు.

పెళ్లికి ముందు అక్కను మొదటిసారి చూసిన రోజునే చెప్పేశాడట. "మీ శాలువా ఏ రంగో నాకు తెలీదండి. తర్వాత తెలిసి బాధపడతారని ముందే చెప్తున్నాను." అక్క నవ్వి, "దానిదేముంది, రంగులు నేను చెప్తాలెండి," అంది. ఇంటికొచ్చి నాతో, "ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి దొరికాడే," అని మురిసిపోయింది. నేనూ ఉన్నది ఉన్నట్టే చెబుతాను కానీ, నా దగ్గర దాన్ని నోటిదురుసు అనేది.

అన్న మాట ప్రకారం రంగులన్నీ అక్కే చెప్పింది. లైట్ల పట్టీలు చుట్టలుగా వస్తాయి. చవక రకాల మీద ఏ తీగ ఏ రంగుదో రాసి ఉండదు, ఉన్నా నమ్మడానికి లేదు. బావ ఒక్కో తీగకూ కరెంటు తగిలించేవాడు. వెలిగిన రంగు చూసి అక్క నా దగ్గర దారం తీసుకుని ముడి వేసేది. ఎరుపుకు ఒక ముడి, ఆకుపచ్చకు రెండు. నీలం ఆయనకు బాగానే కనిపిస్తుంది, దానికి ముడి అక్కర్లేదు. ఒకసారి తేలిస్తే చుట్ట అయిపోయేదాకా అదే వరస. ఆ తరువాత బావ వేళ్లు ముడులు తడుముకుంటూ పోయేవి. ఎవరైనా, "మేస్త్రీ, ఈ రంగులు ఎలా తోస్తాయయ్యా నీకు?" అని మెచ్చుకుంటే అక్క తల వంచుకుని నవ్వుకునేది. నాకు మాత్రం ఒళ్లు మండేది. సగం పేరు ఆవిడది కదా!

అక్కకు జబ్బు చేసింది. మంచం దిగలేని స్థితి వచ్చాక, బావ ఏం కావాలని అడిగాడు. "అందరికీ పెట్టెలు చేశారు, నాకొకటి చెయ్యండి. పాటలు వింటాను. లోపల దానిమ్మ గింజల రంగు వెలగాలి," అంది. ఆయన వేరే పనులన్నీ పక్కన పడేసి కూర్చున్నాడు. కొత్త చుట్ట విప్పాడు. మామూలుగానైతే అక్కను పిలవాలి. నొప్పులతో నిద్రపట్టక అప్పుడే కునుకు పట్టిన మనిషిని లేపడం ఇష్టంలేక, ఏది ఎక్కువ కాంతిగా ఉందో అది ఆకుపచ్చ అయి ఉంటుందనుకుని ముడులు తనే వేసుకున్నాడు. నన్ను పిలవచ్చు. పిలవలేదు. ఆ పెట్టె తన చేతులతోనే అవ్వాలనుకున్నాడేమో.

పెట్టె ముద్దొచ్చేలా కుదిరింది. మందు వేసుకునే వేళ చూపించే డిస్‌ప్లే పెట్టాడు. ఫ్యాను చప్పుడు చెవి ఆనిస్తే తప్ప వినపడదు. గాజుపలకను జిగురుతో అతికించి, మంచం పక్కన పెట్టి, స్విచ్చి వేసి, పరీక్ష రాసిన పిల్లాడిలా నిలబడ్డాడు.

లోపల వెలిగింది ఆకుపచ్చ.

నా నోట్లో నువ్వుగింజ నానదు. అనబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని నొక్కింది. అంత నీరసంలో ఆ చేతికి అంత బలం ఎక్కడిదో. "అచ్చం దానిమ్మేనండీ. బాగుంది," అంది. బావ మొహం విప్పారింది.

ఆయన బయటికి వెళ్లగానే విరుచుకుపడ్డాను. "అదేంటే, అబద్ధమెందుకు? రెండు తీగలు మారిస్తే పోయేదానికి!"

"మళ్లీ అంతా ఊడదియ్యాలి. ఆయన కూడా ఎన్నాళ్లనుంచి పడుకోలేదో చూశావా? దానిమ్మేలేవే. ఇంకా పండలేదంతే. కాయ దానిమ్మ కాదా?"

ఆ కాయరంగు వెలుగులోనే అక్క పాటలు వింది, మందులు మింగింది, ఆ వెలుగులోనే పోయింది. నేను మింగలేక కక్కలేక ఊరుకున్నాను.

చాన్నాళ్లు బావ దుకాణం తలుపు తీయలేదు. నేను సాధించగా సాధించగా తీసి, ఒక పని ఒప్పుకున్నాడు. పాటలు రికార్డు చేసే స్టూడియో నడిపే ఒకాయనది ఆ పని. రికార్డింగు జరుగుతుంటే కేబినెట్ మీద ఎర్రలైటు, అయిపోతే ఆకుపచ్చ. ఎర్రది వెలుగుతుంటే ఎవరూ లోపలికి రాకూడదు. రంగులు నేను చెబుతానన్నాను. "ముడులు వేసిన చుట్ట ఇంకా మిగిలే ఉందిలే," అన్నాడు. అది ఏ చుట్టో నాకు తట్టలేదు.

స్టూడియో ఆయన మధ్యాహ్నం పూట నవ్వాలో తిట్టాలో తెలియని మొహంతో వచ్చాడు. "మేస్త్రీ, గాయకుడు రాగం తీస్తుంటే టీ అబ్బాయి కప్పులు మోగించుకుంటూ వచ్చేశాడయ్యా! లైటు పచ్చగా ఉంది, రావచ్చనుకున్నాడు. రెండు రంగులూ తారుమారు చేశావు."

బావ మార్చి ఇస్తానని చెప్పి పంపేశాడు. తరువాత ఆ చుట్ట చేతిలోకి తీసుకుని ముడులు తడిమాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. నాకూ అర్థమైంది.

"మరదలా, ఇటు రా," అన్నాడు. "తన పెట్టె కూడా ఈ చుట్టతోనే చేశాను. అది ఏ రంగు?"

"బావా..."

"నువ్వు అబద్ధం చెప్పలేవు. అందుకే నిన్నడుగుతున్నాను."

"ఆకుపచ్చ," అన్నాను.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "నేను మొదటిరోజునే నిజం చెప్పాను. తను నాతో అబద్ధం ఆడిందా? ఇన్నేళ్లూ చెప్పిన రంగుల్లో ఇంకెన్ని అబద్ధాలున్నాయో! ఇక ఏది నమ్మను? ఇవాళే మూసేస్తాను దుకాణం."

ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. "చాలు ఆపు! ఊళ్లోవాళ్ల పెట్టెల్లో తప్పు చెప్పి ఉంటే ఇవాళ స్టూడియో ఆయన వచ్చినట్టు వాళ్లూ వచ్చేవాళ్లు కదా? ఇన్నేళ్లలో ఒక్కడైనా వచ్చాడా? నీ పని దగ్గర అక్క ఒక్కనాడూ అబద్ధం ఆడలేదు. ఆడింది తను చూసుకోవాల్సిన పెట్టె దగ్గరే. నువ్వు నిద్రపోవాలని ఆడింది." ఆ తరువాత అక్క అన్న మాట చెప్పాను. దానిమ్మేలేవే, ఇంకా పండలేదంతే.

బావ లేచి, లోపలి గదిలోంచి పెట్టె ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టాడు. జిగురును వెచ్చచేసి గాజుపలక ఊడదీశాడు. నేను దారం తెచ్చాను. పాత ముడులు కత్తిరించబోతే వద్దన్నాడు, అవి తారుమారని తన వేళ్లకు తెలుసట. రెండు తీగలూ విప్పి మళ్లీ అతికించి స్విచ్చి వేశాడు.

"పండిందా?" అన్నాడు.

చూశాను. ఏళ్ల అలవాటు కొద్దీ వేళ్లు మళ్లీ ముడుల వరసకే పోయినట్టున్నాయి.

"లేదు బావా. ఇంకా కాయే."

ఎందుకో ఆయన మొహం తేలికపడింది. కాదని చెప్పే మనిషి ఒకరు మిగిలారని కాబోలు. "అయితే పాతవి కత్తిరించి నువ్వే వెయ్యి," అన్నాడు. "రేపు స్టూడియో పెట్టెకు కూడా నువ్వే." వేశాను. ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు రెండు. ఈసారి తీగలు నేను పట్టుకున్నాను, ఆయన అతికించాడు.

స్విచ్చి వేశాడు. చిన్నప్పుడు పక్కింటి పెరట్లో దానిమ్మపండు ఒలుచుకుని అక్కా నేనూ దోసిట్లో పట్టుకుంటే ఉండే రంగు. బల్లంతా పరుచుకుంది, ఆయన చేతుల మీద పడింది. నేను దోసిలి పట్టి ఆ వెలుగులో పెట్టాను.

"చెప్పవేం? పండిందా?"

"పండింది బావా."

ఆయన కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చున్నాడు. ఆయన కళ్లకు అది ఇందాక ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

"తను దీన్ని చూడలేదు కదా," అన్నాడు.

అక్క చూడలేదు. ఆయన చూడలేడు. ఆ ఎరుపును ఇద్దరి తరఫునా నేనొక్కదాన్నే చూస్తూ కూర్చున్నాను.