చేపల డాక్టరు బొటనవేలు

మా అన్న ఎబినేజర్ చివరిసారిగా చేసిన మామూలు పని, చింతలకుంటలో ఒకరింట్లో అక్వేరియంలో పెంచే ఆస్కార్ చేప ఒంటి మీది పుండుకు మందు రాయడం. ఎడమ అరచేతిలో చేపను పట్టుకుని కొద్దిగా పైకి లేపి, కుడిచేత్తో దూదిపుల్ల ముంచి పుండు చుట్టూ అద్ది, మెల్లగా నీళ్లలోకి వదిలాడు. తర్వాత చేతులు కడుక్కుని టీ తాగాడు. అది మంగళవారం సాయంత్రం. శనివారం తెల్లవారేసరికి అన్న లేడు.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో అన్న దుకాణం. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు బయట ఆగాల్సిందే. పదహారేళ్లప్పుడు నల్లగొండ పక్క మా ఊరి నుంచి వచ్చి అద్దాల షాపులో పనికి కుదిరాడు. అక్వేరియం తొట్లు అతికించడం అక్కడే నేర్చుకున్నాడు. కొన్నవాళ్లు చేపలు చచ్చిపోతున్నాయని తిరిగొచ్చి తిడుతుంటే, చేపల గురించి కూడా నేర్చుకోక తప్పలేదు. ఇరవై ఏళ్లు గడిచేసరికి హయత్‌నగర్ నుంచి కూడా జనం క్యారీబ్యాగుల్లో చేపల్ని పట్టుకుని వచ్చేవారు. అన్న ముందు చేపను చూసేవాడు కాదు. సంచీ మూతి విప్పి నీళ్ల వాసన చూసేవాడు.

ఒకసారి ఒకతను బైకు మీద వచ్చి సంచీ చేతిలో పెట్టాడు. "అన్నా, పొద్దుగాల్నుంచి కదుల్తలేదు."

"ఇంకేం కదుల్తది తమ్మీ? నువ్వు డాక్టర్ కాడికి గాదు, పాస్టర్ కాడికి పోవాల్సింది" అన్నాడు అన్న. నవ్వించి పంపాడు గానీ, ఆ చేపను దుకాణం వెనక తనే పూడ్చిపెట్టాడు.

ఆ ఆస్కార్ చేప హనుమాయమ్మ గారిది. ఆమె గుంటూరు వైపు నుంచి వచ్చి చింతలకుంటలో స్థిరపడ్డారు. భర్త పోయి రెండేళ్లు. ఆదివారం ప్రార్థన ముగిశాక నన్ను ఎల్‌బీ నగర్‌లో ఇంటి దగ్గర దించడానికి వస్తూ, అన్న బండిని ఆమె ఇంటివైపు తిప్పాడు. నేనూ వెంట లోపలికి వెళ్లాను.

"నాలుగు రోజులైందండీ ఏమీ ముట్టక. మావారు పెంచిన చేప ఇది. దీనికేమన్నా అయితే ఈ ఇంట్లో నేను మాట్లాడేందుకు ఎవరూ ఉండరు" అన్నారామె.

అరచేయంత చేప. నల్లబడిపోయి, రెక్కలు ముడుచుకుని ఒక మూల నిలబడి ఉంది. పక్కటెముకల మీద రూపాయి బిళ్లంత పుండు, చుట్టూ ఎరుపు, నడుమ తెలుపు. నాకు చూడబుద్ధి కాలేదు.

"కొత్త చేపనేమన్న తెచ్చి ఏసిన్రా అమ్మా?"

"లేదండీ."

అన్న వంగి రాళ్ల వెనక దాక్కున్న చిన్న చేపను చూపించాడు. "మరి గీయన ఎవరు? చుట్టమా?"

హనుమాయమ్మ గారు సిగ్గుపడ్డారు. "ఒంటరిగా ఉంటోంది కదా అని సంతలో తోడు తెచ్చానండీ. తెచ్చింది తెచ్చినట్టు నీళ్లలో వదిలేశా."

"ఆస్కార్‌కు తోడెందుకమ్మా, ఒక్కటే ఉంటే రాజు లెక్క ఉంటది. కొత్తదాన్ని నెల రోజులు వేరే తొట్లె పెట్టాలె. ఈ చుట్టం రోగం మూటగట్టుకొని ఒచ్చిండు."

"అయ్యో. నేను రోజూ ఆ నీళ్లలో చెయ్యి పెడుతున్నానే!"

"చేప రోగం మనిషికి రాదు. మీరు పరేషాన్ గాకుండ్రి."

ఆ మాట అన్న కొన్ని వేలసార్లు అని ఉంటాడు. అనకపోతే భయపడి తొట్టితో సహా పారేసేవాళ్లున్నారు. మొదట్లో ధైర్యం చెప్పడానికి అన్నదే, పోనుపోను తనూ నమ్మాడు. ఆ రోజు నేనూ నమ్మాను.

పెద్ద చేపను టబ్బులోకి మార్చి, ఉప్పు కలిపి, మేతలో మందు నానబెట్టి ఇచ్చాడు. మంగళవారం వచ్చి పుండుకు మందు రాస్తానన్నాడు.

సోమవారం దుకాణంలో అద్దం పలక జారి అన్న ఎడమ బొటనవేలు కోసుకుంది. మా వదినె రెబెక్క కడిగి కట్టు కట్టింది. అన్నకు ఆరేళ్లుగా షుగర్ ఉంది. అందుకే అంత జాగ్రత్తగా కట్టింది.

బుధవారం పొద్దున నేను ఫోన్ చేస్తే నవ్వుతూనే మాట్లాడాడు. "ఏం లేదే చెల్లె, బొటనేలు నాకంటె లావైంది, గంతే." మధ్యాహ్నం క్లినిక్‌లో అద్దం కోసుకుందని చెప్పి ఇంజెక్షన్ వేయించుకుని వచ్చాడు. సాయంత్రానికి వేలి నుంచి మోచేయి దాకా ఎర్రటి గీత పాకింది. గురువారం పెద్ద దవాఖానకు తీసుకుపోయేసరికి చేతి మీద నల్లటి బొబ్బలు లేచాయి. స్పృహ ఉన్నట్టే ఉంది గానీ మమ్మల్ని గుర్తుపట్టలేదు. "నీళ్లు మార్చిన్రా? సగమే మార్చుండ్రి" అని ఎవరికో చెబుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ బొబ్బల్ని చూసి అడిగింది, "గాయం ఎక్కడైనా మురికి నీళ్లలో తడిసిందా?"

"లేదు మేడం. నా చేత్తోని నేనే కట్టు కట్టిన. మంగళారం పొద్దుగూకినంక ఇంటికొచ్చినప్పుడు గూడ పొడిగనే ఉన్నది" అంది వదినె.

నేను పక్కనే ఉన్నాను. ఆయనది చేపల దుకాణమని చెప్పాలని నాకు తోచలేదు. అద్దం కోసుకుందనే చెప్పాను.

శుక్రవారం సాయంత్రం రిపోర్టు వచ్చింది. నీళ్లలో బతికే క్రిమి అని అందులో ఉంది. వెంటనే మందులు మార్చారు. నిన్న తెలిసుంటే నిన్ననే ఈ మందు మొదలుపెట్టేవాళ్లమని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. వదినె మళ్లీ అదే మాట అంది, కట్టు పొడిగనే ఉన్నది మేడం.

సమాధి కార్యక్రమం అయ్యాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. వదినె సరిగా చూసుకోలేదని, తప్పు కప్పిపుచ్చుకుంటోందని అనుకున్నాను. పైకి అనలేదు గానీ, నెల రోజులు ఆమె ఇంటికి వెళ్లలేదు.

ఒక మధ్యాహ్నం హనుమాయమ్మ గారు ఫోన్ చేసి రమ్మన్నారు. చేప తిరుగుతోంది. పుండున్న చోట లేత పొలుసులు వస్తున్నాయి. ఆమె దాన్ని నాకు చూపించి, కాసేపు ఏడ్చి, ఆ మంగళవారం సంగతి చెప్పారు.

"చేతికి కట్టుంది, తడిస్తే ఎలాగండీ అన్నానమ్మా. గుడ్డ గరుకుగా ఉంటుంది, చేప ఒంటి మీద జిగురు ఊడిపోతుంది అన్నారు. కట్టు విప్పి చొక్కా జేబులో పెట్టుకున్నారు. టీ తాగాక నేనే మళ్లీ కట్టాను."