నిమ్మతోటకి పెద్దోడు కట్టిన ధర

మా అన్న పోయి ఏడాది తిరక్కముందే ఆయన కొడుకులిద్దరూ ఆయన పెంచిన నిమ్మతోటలోనే నెత్తురు కార్చారు. ఊరంతా దాన్ని ఆస్తి తగాదా అంటంది. నేను మాత్రం పెద్దోడి పొగరంటాను.

తోటకి ఉన్నది ఒక్కటే బోరు. రెండు ముక్కలు చేస్తే ఒక ముక్క ఎండిపోద్ది. అట్టాంటి ఆస్తికి మా వైపు ఒక పద్ధతుంది. ఒకడు ధర కట్టాలి. రెండోవాడు ఆ ధరలో సగం ఇచ్చి మొత్తం తీసుకోవాలి, లేదంటే సగం పుచ్చుకుని తన వాటా వదులుకోవాలి. కట్టినోడు ఇంక నోరెత్తకూడదు. నేనూ మా అన్నా ఎడ్లజతని అట్టాగే పంచుకున్నాం. ఆయన కట్టిన ధర ఎంత సరిగ్గా కుదిరిందంటే, తీసుకోవాలో వదలాలో తెలీక ఒక పూటంతా అరుగు మీద కూర్చున్నాను. బడి మొహం చూడని మా ఇద్దరికీ ఉన్న ఆ బుద్ధి, డిగ్రీ చదివిన వీళ్ళకి లేకపోయింది.

చిన్నోడికి నరసరావుపేటలో పురుగుమందుల కొట్టుంది. బ్యాంకులకి ఆస్తుల విలువ రాసిచ్చే ఇంజనీరుని కార్లో తెచ్చాడు. ఆ మనిషి టేపు తీశాడో లేదో, పెద్దోడు లాక్కుని బోరు గొట్టానికేసి బాదాడు.

"మా అయ్య తోటకి ఈడెవడ్రా ధర కట్టేది? ఇంకో అడుగేస్తే కాళ్ళిరగ్గొడతా!"

ఇంజనీరు కారు దగ్గరికి పరుగెత్తాడు.

"అయితే నువ్వే కట్టన్నా," అన్నాడు చిన్నోడు. "బాబాయ్ సాక్షి."

తోట దున్నేదీ తడిపేదీ పెద్దోడే. వాడి ఇల్లు గడిచేది దాని మీదే. దుమ్ము పడితే తుమ్మే తమ్ముడు సేద్యానికి రాడని, ఎంత కట్టినా వాటా తనకే వదిలేస్తాడని వాడి ధీమా. చవగ్గా కొట్టేద్దామని తోటని తిట్టడం మొదలెట్టాడు. నీళ్ళు ఉప్పన్నాడు, నేల చవుడన్నాడు, చెట్లు ముసలివన్నాడు. పెళ్ళాం చొక్కా పట్టి లాగింది.

"ఏమయ్యా, కాస్త పైకి కట్టు."

మోచేత్తో పొడిచాడు. ఆమె గట్టు మీద పడింది.

"ఒరేయ్, నోరు జారితే మళ్ళీ రాదు," అన్నాను.

"నువ్వు మూసుకో బాబాయ్," అని, బీడు నేల కూడా దొరకని ధర చెప్పాడు.

చిన్నోడు చెట్ల వంక ఒకసారి చూశాడు. "నేనే తీసుకుంటా."

"ఏందిరా, ఎకసెక్కాలా?"

"ఉప్పు నీళ్ళు, చవుడు నేల, ముసలి చెట్లు. ఆ దరిద్రం నీకెందుకులే అన్నా."

పెద్దోడు మోటారు కొట్టంలోకి పోయి గొడ్డలితో వచ్చాడు. దొరికిన చెట్టునల్లా నరికాడు. పచ్చికాయలు జలజలా రాలాయి. పెళ్ళాం ఒక చెట్టుని వాటేసుకుంటే జుట్టు పట్టి ఈడ్చేశాడు. చిన్నోడు గొడ్డలి కాడ పట్టుకున్నాడు. గుంజులాటలో వాడి ముంజేయి ఎముక దాకా తెగింది. నేను కర్రతో పెద్దోడి వీపు పగలగొట్టాను. వాడు నన్ను ముళ్ళకంపలోకి తోశాడు. పక్క పొలాల వాళ్ళొచ్చి వాణ్ణి మోకుతో కట్టేసేదాకా నరుకుతూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో చిన్నోణ్ణి అడిగాను. "అదే ధరకి అన్నకి వదిలెయ్యరా."

"కుట్లేసింది నీ చేతికా బాబాయ్?" అన్నాడు.

పెద్దోడు బెయిలు మీద వచ్చాక రిజిస్ట్రేషన్ పెట్టుకున్నారు. వాడు కాయితాల మీద గోళ్ళతో గీరినట్టు సంతకం చేసి, తమ్ముడి కాళ్ళ ముందు ఊసి వెళ్ళిపోయాడు. సాక్షిగా నన్ను పిలిచారు. రిజిస్ట్రారాఫీసు మెట్ల దగ్గర పెద్దోడి పెళ్ళాం అడ్డం నిలబడింది.

"సంతకం పెట్టొద్దు మామా. పిల్లలకి రేపేం పెట్టను?"

"నీ మొగుడు చెప్పిన ధరే కదమ్మా."

"ఆడి నోటికి నా పిల్లల్ని మాడుస్తావా, ముసలోడా!" అని గుప్పెడు మట్టి తీసి నా మొహాన కొట్టింది.

కళ్ళు మండుతున్నాయి. కండువాతో తుడుచుకుని, లోపలికి పోయి సంతకం పెట్టాను.