జాజ్ మేష్టారి వంకర గీతలు

మా డ్రాయింగు మేష్టారు వేదవ్యాస్ గారికి ఒకటే పిచ్చి: లోకంలో ఏది వంకరగా ఉన్నా అది జాజ్. స్టాఫ్ రూములో కుర్చీ కాలు ఊగితే జాజ్. సాంబారులో ఉప్పు ఎక్కువైతే జాజ్. ఇక బెజవాడలో ఆటోలు నడిచే తీరు, ఆయన లెక్కలో, పెద్ద కచేరీ.

బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద కొన్న ఒక్క జాజ్ పాటల క్యాసెట్టే ఆయన ఆస్తి. క్లాసులో దాన్ని పెడితే బాకాలు అరిచేవి, పిల్లలంతా ఆ దరువుకి గీతలు గీసేవారు.

"అమెరికాలో నల్లవాళ్ళు పుట్టించిన సంగీతంరా ఇది. అక్కడి పెయింటర్లు ఇది వింటూ బొమ్మలేశారు. గీత సూటిగా పోనక్కర్లేదని, రంగు డప్పులా మోగాలని దీన్నించే నేర్చుకున్నారు," అనేవారు. పక్క గదిలో లెక్కలు చెప్పే నాకు నల్లబల్ల మీద సమీకరణాలు కూడా ఊగుతున్నట్టుండేవి.

తొంభై ఎనిమిదిలో వార్షికోత్సవానికి గోడనిండా ఎనిమిదో తరగతి వాళ్ళ ప్రకాశం బ్యారేజీ బొమ్మలు పెట్టారు. కరస్పాండెంటు కోటేశ్వరరావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"గేట్లన్నీ గంతులేస్తున్నాయేంటండీ?"

"జాజ్ అండీ."

"మరి నీళ్ళెటు పోతాయి?"

"వాటికెటు పోవాలనిపిస్తే అటు."

కోటేశ్వరరావు గారికి కళ అంటే ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు. మర్నాడే డ్రాయింగు పీరియడు ఎత్తేసి లెక్కలకిచ్చారు. నెలాఖరుకి వేదవ్యాస్ గారిని వెళ్ళిపొమ్మన్నారు. ఇదేమిటని అడిగిన తండ్రి ఒక్కడూ లేడు, పైగా అందరూ సంతోషించారు. తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

వెళ్ళేరోజు ఆయన టేపురికార్డరు తెచ్చి నా బల్లమీద పెట్టారు.

"మీకంత ఇష్టమైంది, నాకెందుకండీ?" అన్నాను.

"ఇష్టమా? వింటే తలనొప్పండీ బాబూ. ఇంటికెళ్ళి తలకి గుడ్డ కట్టుకుని పడుకుంటాను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకీ గోల?"

ఆయన గొంతు తగ్గించారు. "ఎనిమిదో తరగతిలో ఉష ఉంది కదా, చేపలమ్మే సన్యాసమ్మ గారమ్మాయి. పుట్టుకతోనే కుడిచెయ్యి వణుకు. ఆరో తరగతిలో చేరినప్పుడు ఆ పిల్ల గీత గీస్తే క్లాసంతా నవ్వింది. అందరి గీతలూ గంతులేస్తే ఇంకెవర్ని చూసి నవ్వుతారండీ? రేపు మీ క్లాసులో గ్రాఫు గీయాలిగా, దీన్ని ఉంచండి."

మర్నాడు గ్రాఫు పాఠం మొదలుపెట్టి మీట నొక్కాను. బాకాలు అరిచాయి. నలభైమంది గీతలూ ఊగాయి. ఉష తలెత్తకుండా గీసుకుంటోంది. నాకు మాత్రం తల పగిలిపోతోంది.

గుమ్మంలో కోటేశ్వరరావు గారు ప్రత్యక్షమయ్యారు.

"లెక్కల క్లాసులో ఏంటండీ ఇది?"

"జాజ్ అండీ," అన్నాను.