గొట్టం లేని తుపాకి

నా చిన్నప్పుడు, బెళుగుప్ప వైపు వానలు తప్పిన ఒక ఏడు, మా అమ్మను బళ్లారి ఆస్పత్రికి తీసుకుపోయారు. కొన్నాళ్లకు నాయన ఒక్కడే తిరిగొచ్చాడు. ఇంకా నయం కాలేదన్నారు ఇంట్లో. నేను కొన్నిసార్లు అడిగి, మానేశాను. మొలవని వేరుశనగ చేను చూసినా, ఎముకలు తేలిన ఎద్దుల్ని చూసినా నాకేమీ అనిపించేది కాదు. పెట్టింది తినేదాన్ని, పడుకోమంటే పడుకునేదాన్ని.

మా తాత దగ్గర అరచెయ్యంత ఇత్తడి తుపాకి ఒకటి ఉండేది. పాళెగాళ్ల కొట్లాటలో తన ముత్తాత ఒక తెల్లదొరను చంపి దాన్ని లాక్కున్నాడని ఊరంతటికీ చెప్పేవాడు. ఆ కథ చెప్పేటప్పుడు ఆయన వీపు నిటారుగా అయ్యేది. ఆ ఏడు ఎద్దులకు మేత లేక, దాన్ని అమ్ముదామని ఆదోని నుంచి పాతసామాన్లు కొనే సాయిబును పిలిపించాడు.

సాయిబు అరుగు మీద కూర్చుని మరలు ఊడదీశాడు. అవి చేత్తో చేసినవి. ఒకదాని బెజ్జంలో ఇంకోటి పట్టలేదు. లోపల చిన్న గూట్లో మాడిన గుడ్డ పేలిక ఉంది. పక్కన కొవ్వొత్తి నిలబెట్టే బుల్లి గిన్నె. అడుగున ఇంగ్లీషు అక్షరాలు.

"ఇది తుపాకి కాదు పెద్దాయనా. గొట్టమే లేదు, గుండు యాడనుంచి పోతాది? అగ్గిపెట్టెలు రాకముందు దొరలు దీపం ముట్టించుకునే సామాను. ఈ నల్ల చెకుముకి రాయి మన పక్క దొరకదు, దొరల సీమది. నూరేండ్ల పైమాటే."

మీట నొక్కాడు. రవ్వలు రాలి, పేలిక అంటుకుంది.

తాత వంగి ఆ మంటను ఊది ఆర్పాడు. తర్వాత, "అట్లయితే మా ముత్తాత ఎవురినీ సంపలేదా?" అని అడిగాడు.

"ఏ బంగళాలోనో దీపాలు పెట్టేటోడై ఉంటాడు. తుపాకి అని చెప్పి అమ్మొచ్చు గానీ, నా నోట ఆ మాట రాదు" అని సాయిబు తగిన ధర ఇచ్చి తీసుకుపోయాడు.

ఆ సాయంత్రం తాత ఊరంతా తిరిగాడు. "నేను చెప్పింది తప్పప్పా, అది దీపం సామాను" అని ఇంటింటా చెప్పాడు. కొందరు నవ్వారు. నేను వెనకే నడిచాను. తిరిగి వస్తూ చేనుగట్టు మీద ఆగి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"పాపా, మీ అమ్మ ఆస్పత్రిలో లేదు. సచ్చిపోయినాది. ఆడనే మట్టి చేసినాం. నీకు చెప్పలేకపోతిమి."

నాకు ఏడుపు రాలేదు. "నాకు తెలుసు తాతా" అన్నాను. నిజంగా తెలుసో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆయనే ఏడ్చాడు. చెయ్యి పట్టుకుని నేనే ఇంటికి తీసుకొచ్చాను.

చాలా ఏండ్లకు మా ఆయన పోయిన రోజున, చిన్నపిల్లకు నాయన ఊరికి పోయినాడని చెప్పమన్నారు చుట్టాలు. నేను నా కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉన్న మాట చెప్పాను. గుక్కపట్టి ఏడ్చింది. ఏడవనిచ్చాను.