ఆయుధపూజ మరునాటి క్యాసెట్టు

నిన్న మా కోడలు ఫోనులో ఏదో పెళ్లి వీడియో పొరపాటున చెరిపేసి, అరనిమిషంలో మళ్లీ తెచ్చుకుని నవ్వుతుంటే, నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ధర్మవరంలో వీడియో మిక్సింగ్ షాపు నడుపుతూ, పాత క్యాసెట్లను కంప్యూటరుకు ఎక్కించి సీడీలు చేసిచ్చినవాణ్ణి. పోయింది తిరిగి రావడమనేది మా కాలంలో లేదు, మీకూ తెలిసే ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆయుధపూజ మరునాడు, బత్తలపల్లె వైపు పెద్దాయన ఒకరు కూతురి పెళ్లి క్యాసెట్టును తువ్వాలులో చుట్టి తెచ్చారు. భార్య పోయి ఏడాది కావస్తోందట, సంవత్సరీకం నాటికి ఆమె కనిపించే ముక్కలన్నీ ఏరి సీడీ చేయాలన్నారు. లైటు పడితే చాలు కొంగు అడ్డం పెట్టుకునే మనిషట, సరైన ఫోటో ఒక్కటీ లేదు. మూడు గంటల క్యాసెట్టు కంప్యూటరుకు ఎక్కాలంటే మూడు గంటలూ పట్టేది కనుక, ఆయన స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చున్నారు.

తెర మీద అప్పటిదాకా కొంగు చాటునే ఉన్న ఆయన భార్య, కన్యాదానంలో నీళ్లు పోయడానికి చెంబు ఎత్తిందో లేదో, వీసీఆర్ కీచుమంది, తెర నల్లబడింది. దాని మూత విప్పితే టేపు నలిగి చక్రాలకు చుట్టుకుని ఉంది, మధ్యలో పసుపు అక్షింత గింజ ఒకటి. ముందురోజు మెషీనుకు బొట్టు పెట్టి, భక్తి ఎక్కువై దోసెడు అక్షింతలు చల్లినవాణ్ణి నేనే! గింజను గుప్పిట్లో దాచేశాను.

“ఏమప్పా, పాయనా?” అన్నారాయన.

నలిగిన టేపును వేలితో సాపుచేసి మళ్లీ పెట్టాను. ఈసారి చుట్టుకుంటే తెగిపోవడమే, ఇక ఆమె మొహం ఎక్కడా ఉండదు. ఆ భయంలో తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. బొమ్మ రాలేదు, అన్నీ తెల్ల గీతలే. కానీ ఆ గీతల్లోంచి ఆడగొంతు ఒకటి గట్టిగా వినిపించింది: “ఆ కెమెరా ఆయప్ప పొద్దున్నుంచీ నిలబడే ఉండాడు, అన్నం పెట్టినారా ఎవురన్నా?”

పెద్దాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. గొంతు ఆమెదేనని, అది చాలని అన్నారు. కళ్లు తుడుచుకుని నావైపు తిరిగి, నువ్వు తిన్నావా అని అడిగారు. పొద్దున్నుంచీ ఏమీ తినకపోయినా తిన్నానన్నాను.

ఇప్పుడు వీడియోలు ఫోనులోనే వస్తాయి, ఫోనులోనే పోతాయి, పంపినవారి మొహమైనా చూడనక్కర్లేదు. టేపు తెగుతుందన్న భయం లేదు, సుఖంగానే ఉంది. అయితే అలా మూడేసి గంటలు పక్కన కూర్చునే మనిషీ ఇప్పుడు లేడు. ఆ పెద్దాయన కూర్చున్నంతసేపూ భయపడి చెప్పలేకపోయాను, నీ భార్య మొహం చెరిపింది నేనేనయ్యా అని.